సీజను పని – పెద్ద జబ్బు: గుంటూరు, ప్రకాశం మైదానంలో ఆరోగ్య బీమా చరిత్ర

వ్యాససంగ్రహం

ఉమ్మడి గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి, మిరప మైదానంలో పెద్ద జబ్బు ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు గత ఎనిమిది దశాబ్దాలలో వచ్చిన సమాధానాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1948 నాటి కార్మిక రాజ్య బీమా చట్టం పత్తి జిన్నింగును సీజనుపనిగా గుర్తించి ఆ కార్మికులను బీమాకు వెలుపల ఉంచింది. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వారిని పేదరికపు కార్డు ద్వారా లోపలికి తెచ్చింది గాని, చికిత్సల జాబితాకు పరిమితమై, జబ్బు వల్ల పోయిన కూలిని చాలాకాలం లెక్కలోకి తీసుకోలేదు. ఈ రెండు ఏర్పాట్ల మధ్య మిగిలిపోయిన ఖాళీయే ఈ ప్రాంతపు కుటుంబాలలో ఇప్పటికీ కొనసాగుతున్న ఆందోళనకు మూలమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ఆరోగ్య బీమా, ఈఎస్‌ఐ, సీజనల్ ఫ్యాక్టరీ, జిన్నింగ్ మిల్లు, మిర్చి యార్డు, ఆరోగ్యశ్రీ, గుంటూరు, ప్రకాశం.

ఉపోద్ఘాతం

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి మైదానంలో పని ఏడాది పొడవునా ఒకే తీరుగా ఉండదు. జూన్, జులై నెలల్లో పత్తి విత్తుతారు. ఆగస్టు, సెప్టెంబరులలో మిరప నారు నాటుతారు. పత్తి తీత అక్టోబరు, నవంబరులలో మొదలై సంక్రాంతి దాటేవరకు సాగుతుంది. ఆ వెనుకనే మిరప కోతలు వచ్చి ఏప్రిల్ వరకు కల్లాలు ఎర్రబడి ఉంటాయి. పత్తి తీతతోపాటే జిన్నింగ్ మిల్లులు తెరుచుకొంటాయి; పత్తి అయిపోగానే మూతపడతాయి. గుంటూరు మిర్చి యార్డుకు సైతం ఎండాకాలంలో సెలవులుంటాయి. ఆ సెలవుల్లో హమాలీకి పని లేదు, తొడిమలు తీసే ఆడకూలీకి పని లేదు, జిన్నింగ్ మిల్లులో పత్తి ఎత్తిపోసేవారికీ పని లేదు.

జబ్బుకు మాత్రం సీజను లేదు. ఈ ప్రాంతపు గ్రామాల్లో 'పెద్ద జబ్బు' అనే మాటకు వైద్యశాస్త్రపు నిర్వచనం కంటే లెక్కల నిర్వచనమే ఎక్కువగా వర్తిస్తుంది. గుండె, మూత్రపిండాలు, మెదడు, క్యాన్సరు, రోడ్డు ప్రమాదం ఏదైనా కావచ్చు. కూలితో గాని, ఆ ఏటి పంటతో గాని తీరని ఖర్చు తెచ్చినదే పెద్ద జబ్బు. అది వచ్చినప్పుడు డబ్బు ఎక్కడి నుంచి రావాలి అన్న ప్రశ్న వైద్య చరిత్రకు ఎంత చెందుతుందో వ్యవసాయ, కార్మిక చరిత్రలకూ అంతే చెందుతుంది.

ఇక్కడ ఒక భేదాన్ని గమనించాలి. ఆసుపత్రుల చరిత్ర వేరు, వైద్య ఖర్చుకు పూచీ చరిత్ర వేరు. ఆసుపత్రుల విషయంలో గుంటూరు వెనుకబడిన పట్టణం కాదు. 1883లో వచ్చిన అమెరికన్ లూథరన్ వైద్యురాలు అన్నా సారా కుగ్లర్ కృషితో 1898లో స్త్రీల ఆసుపత్రి వెలసింది. 1946లో వైద్య కళాశాల ఏర్పడింది. దాని బోధనాసుపత్రికి పల్నాడు నుంచి, ఒంగోలు వైపు నుంచి రోగులు దశాబ్దాలుగా వస్తూనే ఉన్నారు. 1970లో విడిపోయిన ప్రకాశం జిల్లాకు సొంత వైద్య కళాశాల మాత్రం చాలా ఆలస్యంగా దక్కింది. ఆసుపత్రి ఉండడం వల్ల చికిత్సకు చోటు దొరుకుతుంది. ఆ చికిత్సకు డబ్బు కట్టేదెవరు, రోగి మంచాన ఉన్న నెలల్లో ఇల్లు నడిపేదెవరు అన్న ప్రశ్నలకు సమాధానం మరోచోట వెతకాలి.

చట్టంలో 'సీజను'

భారతదేశంలో కార్మికుల ఆరోగ్య బీమాకు తొలి సమగ్ర ప్రణాళికను బి.పి. అదార్కర్ రూపొందించాడు. 1943లో నియమితుడైన ఆయన 1944లో నివేదిక సమర్పించాడు. ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీలలోని వారికే, అందులోనూ వస్త్ర, ఇంజనీరింగ్, ఖనిజ–లోహ పరిశ్రమల వారికే ఆ ప్రణాళిక పరిమితం. మరుసటి ఏడు అంతర్జాతీయ కార్మిక సంస్థ నిపుణులు స్టాక్, రావు దానిని సమీక్షించి, పరిశ్రమల గిరి గీతను చెరిపివేశారు గాని, ఏడాది పొడవునా నడవాలన్న షరతును అలాగే ఉంచారు. దాదాపు అదే కాలంలో భోర్ కమిటీ మరో సూత్రం చెప్పింది: డబ్బు చెల్లించలేని కారణంగా ఎవరికీ వైద్యం అందకుండా పోకూడదు. భోర్ సూత్రం ఆశయంగా మిగిలింది. అదార్కర్ ప్రణాళిక చట్టమయింది.

1948 నాటి కార్మిక రాజ్య బీమా చట్టం, అంటే ఈఎస్‌ఐ చట్టం, తొలుత సీజనల్ ఫ్యాక్టరీలు కాని ఫ్యాక్టరీలన్నిటికీ వర్తిస్తుందని చెబుతుంది. సీజనల్ ఫ్యాక్టరీ అంటే ఏమిటో చట్టం పనుల పేర్లతోనే నిర్వచించింది. ఆ జాబితాలో మొదటి పేరు పత్తి జిన్నింగ్. ఆ తర్వాత పత్తి లేదా జనుము ప్రెస్సింగ్, వేరుశనగ కాయల పొట్టు తీయడం, కాఫీ, నీలిమందు, లక్క, రబ్బరు, బెల్లంతో సహా చక్కెర, తేయాకు తయారీ వస్తాయి. చట్టం ఢిల్లీలో రాసినదే గాని, ఆ జాబితాలోని తొలి పేర్లు గుంటూరు మైదానానికి కొత్తవి కావు. గుంటూరు, చిలకలూరిపేట, సత్తెనపల్లి, నరసరావుపేట, పర్చూరు, మార్టూరు ప్రాంతాల్లో జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లులు లేని పత్తి వ్యాపారం ఊహకందదు.

ఈ మినహాయింపు ఎలా పనిచేస్తుందో తెలియాలంటే ఒక పత్తి బోరెం వెంట నడవడం చాలు. రైతు కల్లం నుంచి వచ్చిన పత్తి జిన్నింగ్ మిల్లులో గింజ వీడి దూదిగా మారుతుంది, ప్రెస్సులో బేలు అవుతుంది. అంతవరకు ఆ పత్తిని ముట్టుకొన్న కార్మికులు ఈఎస్‌ఐకి వెలుపలివారు. అదే బేలు నూలు మిల్లు గేటు దాటగానే, ఆ మిల్లు పథకం అమలయ్యే ప్రాంతంలో ఉండి, కార్మికుని జీతం పరిమితికి లోబడి ఉంటే, దానిని విప్పే కార్మికుడు బీమాదారుడు. అతనికి, అతని కుటుంబానికి వైద్యం ఉంటుంది. జబ్బుపడిన రోజులకు నగదు ఉంటుంది. దూది ఒకటే, ధూళి ఒకటే. జిన్నింగ్ మాత్రమే చేసే మిల్లుకే మినహాయింపు వర్తిస్తుందన్న మాట నిజం. అయితే ఈ ప్రాంతంలో జిన్నింగ్, స్పిన్నింగ్ వేర్వేరు ఆవరణల్లో, వేర్వేరు యజమానుల కింద నడవడం సాధారణం.

ఇందులోని వైరుధ్యం ఆ చట్టపు అనుబంధంలోనే కనబడుతుంది. వృత్తి వల్ల వచ్చే రోగాలను పేర్కొనే మూడో షెడ్యూలులో పత్తి, నార ధూళి వల్ల కలిగే ఊపిరితిత్తుల వ్యాధి బిస్సినోసిస్ ఉంది. పత్తి ధూళి ఊపిరిని తింటుందని చట్టం ఒప్పుకొంది. ఆ ధూళిలో నిలబడే వారిలో ఒక వర్గాన్ని మాత్రం నిర్వచనంతోనే బయటికి పంపింది. వారికి 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం మిగిలింది. అది బీమా కాదు, యజమానిపై దావా. దాని కింద వృత్తివ్యాధికి పరిహారం కావాలంటే నిర్ణీత కాలం ఎడతెగకుండా ఆ పని చేసినట్టు చూపించాలి. ఏడాదికి అయిదారు నెలలు, అదీ ఒక ఏడు ఒక మిల్లులో, మరో ఏడు మరో మిల్లులో పనిచేసే మనిషికి ఆ రుజువు దాదాపు అసాధ్యం.

చట్టం రాసినవారి తర్కం అర్థం కానిది కాదు. ఈఎస్‌ఐ చందా మీద నడిచే బీమా. ప్రతి జీతంలోనూ కార్మికుడు కొంత, యజమాని కొంత చెల్లించాలి. ఆరు నెలల చందా కాలంలో 78 రోజులకు చందా కట్టి ఉంటేనే తర్వాతి కాలంలో జబ్బు భత్యం. తెగుతూ అతుక్కుంటూ సాగే పనికి ఈ లెక్క సులభంగా కుదరదు. అయితే లెక్క కుదరకపోవడం ఆ కార్మికుని తప్పు కాదు, అది పంట స్వభావం. పంట స్వభావానికి తగిన బీమా లెక్కను కనిపెట్టే ప్రయత్నం జరగలేదు. జిన్నింగ్ మిల్లు కనీసం చట్టంలో పేరుకైనా నోచుకొంది. పత్తి తీసే కూలీ, మిరప కోసే కూలీ, కల్లంలో తాలుకాయ ఏరే స్త్రీ, కౌలురైతు ఆ నిర్వచనంలో మినహాయింపుగా కూడా కనబడరు.

అప్పే పూచీ

చట్టం వదిలిన చోటును అప్పు ఆక్రమించింది. 1969లో ఏర్పడిన గుంటూరు వ్యవసాయ మార్కెట్ కమిటీ మిరప వ్యాపారాన్ని ఒకచోటికి తెచ్చింది. యార్డులో కమీషన్ ఏజెంటు కేవలం అమ్మిపెట్టేవాడు కాదు. విత్తనానికి, ఎరువుకు, పురుగుమందుకు ముందే డబ్బిచ్చి, పంటను తన కొట్టుకే తెమ్మనేవాడు కూడా అతడే. రైతు ఇంట్లో పెద్ద జబ్బు వచ్చినప్పుడు అదే ఖాతాలో మరో పద్దు పడుతుంది. వడ్డీ నూటికి నెలకు రెండు రూపాయలు, ఒక్కోసారి అంతకు మించి. ఆసుపత్రి ఖర్చు, పురుగుమందు ఖర్చు ఒకే ఖాతాలో కలిసిపోయాక వాటిని విడదీయడం కష్టం. ఈ విషయానికి తర్వాత వచ్చిన ప్రాముఖ్యాన్ని ఖాతా రాసినవారెవరూ ఊహించి ఉండరు.

1980ల మధ్యలో తెల్లదోమ, కాయతొలిచే పురుగు పత్తిని ముంచెత్తాయి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు విపరీతంగా చల్లినా పురుగు చావలేదు. 1987–88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి రైతుల ఆత్మహత్యలు రాష్ట్రమంతటికీ తెలిసివచ్చాయి. పదేళ్ల తర్వాత అదే విషాదం వరంగల్లుకు, ఇతర జిల్లాలకు పాకింది. 2003లో జాతీయ నమూనా సర్వే చేసిన రైతు కుటుంబాల పరిశీలనలో ఆంధ్రప్రదేశ్‌లో 82 శాతం అప్పుల్లో ఉన్నట్టు తేలింది. దేశ సగటు 48.6 శాతం మాత్రమే.

2004 జూన్ 1న రాష్ట్ర ప్రభుత్వం 421 సంఖ్య గల ఉత్తర్వు జారీ చేసింది. ఆత్మహత్య చేసుకొన్న రైతు కుటుంబానికి పునరావాసానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి 50,000 రూపాయలు, మొత్తం లక్షన్నర. మండల, డివిజన్ స్థాయి కమిటీలు విచారణ చేసి మరణానికి వ్యవసాయ అప్పే కారణమని నిర్ధారించాలి. కమీషన్ ఏజెంటు ఖాతాలో కలిసిపోయిన రెండు పద్దులను విడదీయవలసిన అవసరం ఇక్కడ వచ్చింది. భార్య గుండె జబ్బుకు తెచ్చిన అప్పు వ్యవసాయ అప్పా, కాదా? సాగుకు దాచుకొన్న డబ్బు ఆసుపత్రికి పోయి, సాగుకు అప్పు తెచ్చినట్టయితే ఆ అప్పును ఏ గడిలో రాయాలి? ఒకే కుటుంబపు ఆదాయవ్యయాలను పొలం, ఒళ్లు అని రెండుగా చీల్చి చూసే ప్రభుత్వ పద్ధతి ఇంతకంటే స్పష్టంగా మరెక్కడా బయటపడదు.

అనిరుధ్ కృష్ణ 2006లో ప్రచురించిన అధ్యయనం ఈ సందర్భంలో ప్రస్తావించదగినది. నల్లగొండ, ఖమ్మం, తూర్పుగోదావరి జిల్లాల్లోని 36 గ్రామాల్లో కుటుంబాలు పేదరికంలోకి ఎలా జారుతున్నాయో ఆయన పరిశీలించాడు. అనారోగ్యం, దాని ఖర్చు ప్రధాన కారణాలుగా తేలాయి. గుంటూరు, ప్రకాశం ఆ పరిశీలనలో లేవు. అయినా పత్తి, మిరప వంటి అధిక పెట్టుబడి పంటల ప్రాంతంలో జబ్బు ఖర్చుకు తట్టుకొనే శక్తి ఇంకా తక్కువగా ఉంటుందనడానికి కారణాలున్నాయి. కౌలు సొమ్ము తరచు ముందే కట్టాలి, పెట్టుబడి ముందే పెట్టాలి. పంట చేతికి వచ్చేలోగా వచ్చిన జబ్బు ఖాళీ చేతులనే చూస్తుంది.

అర్జీ నుంచి కార్డుకు

అప్పు పుట్టని పేదకు మిగిలిన దారి అర్జీ. ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టి, శాసనసభ్యుని సిఫారసు లేఖ జతచేసి, ఆసుపత్రి అంచనా పత్రంతో హైదరాబాదు వెళ్లడం 2000ల తొలి సంవత్సరాల్లో పరిపాటి. 2004 మే నుంచి 2007 జూన్ వరకు ఈ నిధి నుంచి 55,000కు పైగా రోగులకు సుమారు 168 కోట్ల రూపాయలు విడుదలయ్యాయి. ఇది దయ, హక్కు కాదు. పలుకుబడి ఉన్నవారి గుమ్మం ఎక్కగలిగిన వారికే త్వరగా అందేది. ఇంత సొమ్ము ఇలా వెళుతున్నప్పుడు దానిని ఒక పద్ధతిలో పెట్టవచ్చునన్న ఆలోచన నుంచే ఆరోగ్యశ్రీ పుట్టింది. అప్పటి ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి స్వయంగా వైద్యుడు కావడం కూడా ఇందుకు తోడ్పడి ఉండవచ్చు.

2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్, శ్రీకాకుళం జిల్లాల్లో పథకం మొదలయింది. ప్రకాశం, గుంటూరు జిల్లాలు 2008లో చేరాయి. ఆ ఏడు జులై నాటికి రాష్ట్రమంతటా విస్తరించింది. కుటుంబానికి ఏడాదికి లక్షన్నర, అవసరమైతే మరో 50,000. ఆత్మహత్య పరిహారం, బతికి ఉండగా వైద్యానికి పూచీ ఒకే అంకె దగ్గర కలవడం యాదృచ్ఛికమే కావచ్చు. అయినా ఆ కాలపు ప్రభుత్వ ఖజానా ఒక పేద కుటుంబపు ఆపదకు కట్టిన వెల ఎంతో అది సూచిస్తుంది. తొలిదశలో స్టార్ హెల్త్ అనే ప్రైవేటు బీమా సంస్థ ద్వారా నడిచిన పథకం క్రమంగా ఆరోగ్యశ్రీ ట్రస్టు చేతికి వచ్చింది. చికిత్సల సంఖ్య 942కు పెరిగింది.

ఈ మైదానానికి సంబంధించినంతవరకు ఆరోగ్యశ్రీలోని అసలు మార్పు డబ్బు మొత్తంలో లేదు, అర్హత నిర్ణయంలో ఉంది. తెల్లకార్డు ఉంటే చాలు. చందా అక్కర్లేదు, పట్టాదారు పాసుపుస్తకం అక్కర్లేదు, హాజరుపట్టీలో పేరు అక్కర్లేదు. జిన్నింగ్ మిల్లు కార్మికుడు, యార్డు హమాలీ, దడవాయి, భూమిలేని కౌలుదారు, పత్తి తీతకు కర్నూలు జిల్లా నుంచి గుంటూరు వచ్చిన వలస కూలీ అందరూ ఒక్కసారిగా లోపలికి వచ్చారు. పంటల బీమాలో తరచు బ్యాంకు రుణంతో ముడిపడి కౌలురైతు జారిపోయాడు. వైద్య బీమాలో మాత్రం భూమితో నిమిత్తం లేకుండా నిలబడ్డాడు. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగింట మూడు వంతుల కుటుంబాలకు ఏదో ఒక ఆరోగ్య బీమా ఉంది. దేశంలో ఇది అత్యధిక స్థాయిలో ఒకటి.

తెల్లకార్డు బియ్యపు కార్డుగా ఉన్నంతకాలం అది పోతే బియ్యమే పోయేవి. ఆరోగ్యశ్రీ తర్వాత అది పోతే గుండె ఆపరేషను పోతుంది. అందువల్ల కార్డు తనిఖీలు జరిగిన ప్రతిసారీ గ్రామాల్లో పుట్టే ఆందోళనకు కొత్త అర్థం వచ్చింది. సన్నకారు రైతుకు మంచి ధర వచ్చిన ఒక్క ఏడు ఆదాయం పరిమితి దాటితే, మరుసటి ఏడు నల్లతామర పురుగు మిరపను ఊడ్చేస్తే, అతను పేదా కాదా అన్నది ఏ నెలలో అడిగామన్నదాని మీద ఆధారపడుతుంది. 2021–22లో ఆ పురుగు గుంటూరు మిరపను ధ్వంసం చేసింది. అంతకుముందే, 2019లో, వార్షికాదాయ పరిమితిని 5 లక్షల రూపాయలకు పెంచడంతో ఈ చిక్కు చాలావరకు సడలింది.

జాబితా

కార్డు తలుపు తెరిచింది. లోపల ఉన్నది జాబితా. ఆరోగ్యశ్రీ జబ్బుకు గాక చికిత్సా విధానానికి డబ్బు కడుతుంది. ప్రతి విధానానికి ఒక ప్యాకేజీ ధర. ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్ర వివరాలు పంపాలి, ముందస్తు అనుమతి రావాలి, ఆ తర్వాత నగదు లేకుండా చికిత్స. శస్త్రచికిత్స ఈ మూసలో చక్కగా ఇముడుతుంది. ఏళ్ల తరబడి మందులు మింగవలసిన మధుమేహం, రక్తపోటు, పురుగుమందు చల్లి వచ్చాక వచ్చే ఆయాసం, మిరప ఘాటుకు ఆగని దగ్గు, రోగమేమిటో తేలకముందు తిరిగిన పరీక్షా కేంద్రాలు ఇందులో ఇమడవు. పేదవాడు వైద్యానికి పెట్టే ఖర్చులో పెద్ద భాగం ఇలా ఆసుపత్రిలో చేరకుండానే అయిపోయే ఖర్చు.

ఈ మూసకు మరో ఫలితం ఉంది. నెట్‌వర్క్ ఆసుపత్రులు గ్రామాల్లో ఉచిత వైద్య శిబిరాలు పెట్టాలన్నది పథకంలో భాగం. శిబిరం రోగిని వెతికి ఆసుపత్రికి చేరుస్తుంది, అది మేలు. ప్యాకేజీ ఉన్న రోగాన్నే వెతుకుతుంది, అది కీడు. గర్భసంచి తొలగింపు విషయంలో వచ్చిన విమర్శలు తీవ్రమైనవి. ఆ శస్త్రచికిత్సను ప్రభుత్వ ఆసుపత్రులకే పరిమితం చేయవలసి వచ్చింది. 2015–16 సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకొన్నవారు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం, దేశంలోనే అత్యధికం. ఈ సంఖ్యకు ఆరోగ్యశ్రీ ఒక్కటే కారణమనడం సరికాదు. బీమా లేని కాలంలోనూ ప్రైవేటు ఆసుపత్రులు ఈ పని చేశాయి. అయినా జాబితా రాయడం అంటే వైద్యానికి ఒక దిశ చూపడమేనని దీనివల్ల స్పష్టమవుతుంది.

రాజన్ శుక్లా, వీణా శత్రుఘ్న, ఆర్. శ్రీవత్సన్ 2011లోనే ఈ నమూనా ప్రైవేటు రంగానికి అనుకూలమని వాదించారు. వారి విమర్శను పూర్తిగా అంగీకరించనివారు సైతం తోసిపుచ్చలేని పరిశోధన 2012లో వచ్చింది. విక్టోరియా ఫ్యాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ పథకం తొలిదశ జిల్లాలను మిగిలిన జిల్లాలతో పోల్చి చూశారు. మొదటి తొమ్మిది నెలల్లో ఆసుపత్రిలో చేరినవారి సొంత ఖర్చు గణనీయంగా తగ్గింది. కాని వైద్యం కారణంగా కుటుంబం చితికిపోవడం మీద, పేదరికంలోకి జారడం మీద స్పష్టమైన ప్రభావం కనబడలేదు. దళిత, ఆదివాసీ కుటుంబాలకు మిగిలినవారికి అందినంత మేలు అందలేదు. బిల్లు తగ్గినా కుటుంబం ఎందుకు కుదుటపడలేదు? ఆ పరిశోధన పరిధి తొమ్మిది నెలలే. ప్రశ్న మాత్రం ఆ పరిధికి మించినది.

పోయిన కూలి

ఈ ప్రశ్నకు ఒక సమాధానం 1948 చట్టంలోనే దొరుకుతుంది. ఈఎస్‌ఐ జబ్బును మొదటినుంచీ రెండు నష్టాలుగా చూసింది: చికిత్స ఖర్చు, పోయిన జీతం. ఇప్పటి నిబంధనల్లో సాధారణ జబ్బుకు ఏడాదిలో 91 రోజుల వరకు జీతంలో 70 శాతం వస్తుంది. క్షయ, క్యాన్సరు వంటి 34 దీర్ఘవ్యాధులకు, తగినంత కాలం చందా కట్టినవారికి, రెండేళ్ల వరకు 80 శాతం వస్తుంది. నూలు మిల్లు కార్మికునికి క్యాన్సరు వస్తే చట్టం అతని మందుల సంగతీ చూస్తుంది, అతని ఇంటి పొయ్యి సంగతీ చూస్తుంది. ఆరోగ్యశ్రీ మందుల సంగతే చూసింది.

మిరప కోతల మధ్యలో గుండె ఆపరేషను అయిన కూలీ లెక్క వేరేగా ఉంటుంది. ఏడాది కూలిలో అధికభాగం వచ్చే ఆ రెండు మూడు నెలలు అతనికి పోతాయి. తోడుగా ఆసుపత్రిలో కూర్చున్న భార్య కూలి పోతుంది. గుంటూరుకో, విజయవాడకో, హైదరాబాదుకో రాకపోకల ఖర్చు అదనం. శస్త్రచికిత్స ఉచితమైనా అప్పు పుడుతుంది. ఏడాది పొడవునా సమంగా పని దొరికేవారికి మూడు నెలల విశ్రాంతి పావు వంతు ఆదాయం; సీజను కూలీకి అదే మూడు నెలలు దాదాపు ఏడాది ఆదాయం. 1948 చట్టం ఏ సీజనును చూపి ఇతన్ని బయట పెట్టిందో, ఆ సీజనే ఇతనికి జబ్బు భత్యం మరింత అవసరమని చెబుతుంది.

ప్రభుత్వం ఈ రెండో నష్టాన్ని తొలిసారి గుర్తించింది 2019 డిసెంబరులో. వైఎస్సార్ ఆరోగ్య ఆసరా పేరిట, శస్త్రచికిత్స తర్వాత విశ్రాంతి కాలానికి రోజుకు 225 రూపాయలు, నెలకు గరిష్ఠంగా 5,000 రూపాయలు ఇచ్చే ఏర్పాటును డిసెంబరు 2న గుంటూరు ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో ప్రారంభించారు. మొత్తం చిన్నదే. అది చందాతో వచ్చిన హక్కు కాదు, ఉత్తర్వుతో వచ్చిన సాయం. ఉత్తర్వుతో పోగలదు కూడా. అయినా సీజను కూలీకి జబ్బు రోజుల కూలి చెల్లించవచ్చునని, అందుకు అతని హాజరుపట్టీ అక్కర్లేదని అది ఆచరణలో చూపింది. చట్టం రాసినవారు కుదరదనుకొన్న లెక్క కుదిరింది.

మిగిలిన మార్పులు ప్రధానంగా పేర్లకు, అంకెలకు చెందినవి. రాష్ట్ర విభజన తర్వాత పథకం ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, పరిమితి రెండున్నర లక్షలయింది. 2019లో వైఎస్సార్ ఆరోగ్యశ్రీ, 2024లో మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ. విభజనతో హైదరాబాదు పొరుగు రాష్ట్రానికి పోయింది. గుంటూరు రోగి దశాబ్దాలుగా పెద్ద వైద్యానికి వెళ్లిన ఊరు అది. 2019 నవంబరులో హైదరాబాదు, బెంగళూరు, చెన్నైలలోని ఎంపిక చేసిన ఆసుపత్రులకు పథకాన్ని విస్తరించడంతో ఆ లోటు కొంత తీరింది. 2015లో వైద్యుడు ఆళ్ల గోపాలకృష్ణ గోఖలే బృందం గుంటూరు ప్రభుత్వ ఆసుపత్రిలోనే గుండె శస్త్రచికిత్సలు ప్రారంభించి, మరుసటి ఏడు గుండె మార్పిడి చేయడం కూడా ఇదే కాలపు ఘట్టం. ప్యాకేజీ సొమ్ము ప్రభుత్వ ఆసుపత్రికి కూడా చేరగలదని అప్పుడు అందరికీ తెలిసింది. 2023 డిసెంబరులో పరిమితి 25 లక్షలకు, చికిత్సలు 3,257కు పెరిగాయి.

పరిమితి పెరిగినకొద్దీ దానికి తగ్గట్టు ఆసుపత్రులకు చెల్లింపులు సాగలేదు. 2024, 2025లలో బకాయిల కారణంగా నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘం సేవలు నిలిపివేస్తామని పలుమార్లు ప్రకటించింది, నిలిపివేసింది కూడా. కార్డు మీద 25 లక్షలు రాసి ఉండగా కౌంటరు దగ్గర చేర్చుకోలేమన్న మాట వినడం పాత ఆందోళనకు కొత్త రూపం. రోగికి బకాయితో సంబంధం లేదు. అతనికి ఆ రోజే ఆపరేషను కావాలి.

కొత్త కోడ్, పాత నిర్వచనం

2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త విధానాన్ని ఆమోదించింది. రెండున్నర లక్షల వరకు బీమా సంస్థ ద్వారా, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు ద్వారా చెల్లింపు. 2007లో బీమా సంస్థతో మొదలై ట్రస్టుకు చేరిన పథకం ఇలా సగందూరం వెనక్కి నడిచింది. బకాయిల సమస్యకు ఇది పరిష్కారం కావచ్చు. జాబితాకు వెలుపలి జబ్బుకు, పోయిన కూలికి దీనితో సంబంధం లేదు.

అదే ఏడు నవంబరు 21న కేంద్ర ప్రభుత్వం 2020 నాటి సామాజిక భద్రతా కోడ్‌ను అమలులోకి తెచ్చింది. ఈఎస్‌ఐ చట్టం ఆ కోడ్‌లో ఒక అధ్యాయమయింది. పదిమంది, అంతకు మించి పనిచేసే ప్రతి సంస్థకూ అది వర్తిస్తుందని మొదటి షెడ్యూలు చెబుతుంది, సీజనల్ ఫ్యాక్టరీ తప్ప. సీజనల్ ఫ్యాక్టరీ నిర్వచనంలో పత్తి జిన్నింగ్ 1948లో ఉన్నచోటే ఉంది. నీలిమందు కూడా ఉంది, ఆ పరిశ్రమ దేశంలో నామమాత్రమై తరాలు గడిచినా. మరోపక్క కోడ్‌లోని 45వ సెక్షను అసంఘటిత కార్మికులకు ఈఎస్‌ఐ ప్రయోజనాలు కల్పించే పథకాన్ని కేంద్రం రూపొందించవచ్చునని అనుమతిస్తుంది. 'వచ్చును' అన్నది అనుమతి మాత్రమే, ఆదేశం కాదు. ఆ కోడ్ అమలులోకి వచ్చిన వారాల్లోనే చిలకలూరిపేట, గుంటూరు చుట్టుపట్ల జిన్నింగ్ మిల్లులు ఆ ఏటి పత్తికి గేట్లు తెరిచే కాలం వచ్చింది.